కొసరు పొర

సముద్రపు ఒడ్డున ఉన్న మంచినీటి ప్లాంటు నుంచి తిరిగొచ్చిన పెట్టె మూత తీయగానే, పూత గదిలో ఉన్నవాళ్లందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. కొసరమ్మ ఒక్కతే ఒక అడుగు ముందుకు వేసింది. కంపుకు జంకే వంశం కాదు ఆమెది. అయితే ముందుకు వేసిన ఆ అడుగు మీదే ఆమె కొయ్యబారిపోయింది.

తన చేత్తో ముంచి, పాలమీగడలా తెల్లగా పంపిన వడపోత పొరలవి. ఇప్పుడు ఒక్కొక్కటీ నెలల తరబడి ఎవరూ పిండని నేలగుడ్డలా ఉంది. వేలు పెడితే జిగురు వేలికి అంటుకుని సాగింది.

"ఇవి మనవేనా?" అంది చివరికి.

"చట్రం మీద మన ముద్ర ఉందిగా," అన్నాడు మధ్యాహ్నంపూట చట్రాలు కడిగే డ్రమ్ము తాత, ముక్కు మూసుకున్న గొంతుతో.

"ముద్రదేముంది, ఎవరైనా వేసుకుంటారు."

"ఇంత కంపు మీద మన ముద్ర వేసుకుంటే ఎవడికమ్మా లాభం?"

దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. ఆమె దగ్గర జవాబు లేకపోవడం ఆ గది చరిత్రలో అదే మొదలు గనుక అందరూ మరింత భయపడ్డారు.

ఏళ్ల తరబడి నిలవాల్సిన పొరలు రెండు నెలలకే పూడుకుపోయాయి. ప్లాంటులో పంపులు ఎంత ఒత్తినా నీళ్లు కన్నీళ్లలా కారుతున్నాయి తప్ప ధార కట్టడం లేదు. అక్కడి జనం బకెట్లు పట్టుకుని వరసలో నిలబడుతున్నారని యజమాని చెప్పాడు. ఆయన మామూలుగా అరిచే మనిషి. ఆ రోజు మెల్లిగా మాట్లాడాడు.

"ఎవరి చేతిలో తప్పు జరిగిందో ఈ వారంలో తేలాలి. తేలాక ఆ మనిషి ఈ గదిలో ఉండరు."

గదిలో అన్ని కళ్లూ నెమ్మదిగా ప్రయాణం చేసి, కడిగే తొట్టి పక్కన నిలబడిన ఒక మనిషి దగ్గర ఆగాయి. ఆ మనిషి కొసరమ్మ ఆడపడుచు. ఆమెను ఈ పనిలో పెట్టించింది కొసరమ్మే. ఆగిన కళ్లలో కొసరమ్మ కళ్లు కూడా ఉన్నాయని చెప్పక తప్పదు.

కొసరమ్మ అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ప్రాణాలతో ఉంది. ఎవరూ పిలవకపోవడం వల్ల అక్కడ కూడా చిక్కిపోయి పొడి అక్షరాలుగా మిగిలింది. ఈ పేరు రావడానికి మూలపురుషుడు ఆమె తండ్రి. ఆయన నూనె కొట్టు నడిపేవాడు. కొలత గిన్నె నిండా పోశాక, కొనేవాడి కళ్లలోకి చూస్తూ, ఇంకొక సన్నటి ధార వదిలేవాడు. "కొలత వ్యాపారం, కొసరు మర్యాద" అన్నది ఆయన సిద్ధాంతం. ఇంతటి గంభీరమైన సిద్ధాంతాన్ని ఆయన జిడ్డుగరాటు చేత పట్టుకుని ప్రతిపాదించడం వల్ల లోకం పెద్దగా పట్టించుకోలేదు. గల్లాపెట్టె పక్కన కూర్చున్న కూతురు పట్టించుకుంది.

శాస్త్రాలకు వ్యాఖ్యానం రాసేవాళ్లు బోలెడంత మంది. పాటించేవాళ్లు అరుదు. కొసరమ్మ పాటించింది. వడ్డిస్తే ఒక గరిటె కొసరు. తిడితే ఒక మాట కొసరు. సలహా ఇస్తే దానికి తోడు ఒక ఉదాహరణ, ఆ ఉదాహరణకు తోడు ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో వివరం. చుట్టాలను సాగనంపడానికి వెళితే ఒక వీధి ఎక్కువ నడిచేది. ఎవరైనా పోయిన ఇంటికి వెళితే తన వంతు ఏడ్చి, రాలేకపోయినవాళ్ల తరఫున ఇంకాస్త ఏడ్చి వచ్చేది.

ఇలాంటి మనిషికి భర్తగా దొరికినవాడు దర్జీ. వృత్తిరీత్యా కొలత మనిషి. మొదటిసారి కలిసినప్పుడు ఆయన ఆమెను కళ్లతోనే కొలిచాడనీ, ఆమె దానికి అర అంగుళం కలిపి తిరిగి చూసిందనీ చుట్టాల్లో ఒక కథ ఉంది. ఆయన ఖండించలేదు. ఆయన నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి గనుక ఏ కథనూ ఖండించలేదు.

ఆయన చెల్లెలు, తల్లి పోయాక, మనసు కుదుటపడే దాకా నాలుగు రోజులు ఉండిపోదామని వచ్చింది. కొసరమ్మ ఏలుబడిలో నాలుగు రోజులంటే ఎంతో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఆమె ఇంకా అక్కడే ఉంది. అన్నయ్య మిషను పక్కన, మూలన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ, మాట్లాడడం దాదాపు మానేసింది. కొసరమ్మకు అది చూడబుద్ధి కాక యజమాని దగ్గరికి లాక్కెళ్లి, "మా ఆడపడుచు కడిగితే అద్దం కూడా సిగ్గుపడి పక్కకు తప్పుకోవాలండీ. నా మాట మీద తీసుకోండి" అని పనిలో చేర్పించింది. అప్పట్నుంచి ఆ మూల మనిషి వీధిలో నిటారుగా నడవసాగింది. సొంతానికి ఒక గొడుగు కొనుక్కుంది. ఎండా వానా లేకపోయినా దాన్ని వెంట తెచ్చుకునేది.

ఇప్పుడు ఆ మనిషి మళ్లీ గుండీల మూలకు వెళ్లిపోయే రోజు వచ్చింది.

ఆ గదిలో జరిగే పని బయటివాళ్లకు చెబితే నమ్మరు. నీళ్లను వడగట్టే పలచని పొరలు చట్రాలకు బిగించి వస్తాయి. వాటి రంధ్రాలు కంటికి కనపడవు. ఆ పొర మీద ఇంకా పలచని పూతలు ఒకదాని మీద ఒకటి పూయాలి. కుంచె లేదు, బ్రష్షు లేదు. ముంచడం, కడగడం, ముంచడం, కడగడం, అంతే. కొసరమ్మ మొదట్లో ప్యాకింగులో ఉండేది. కట్టిన ప్రతి పెట్టెకూ ఒక తాడు కొసరు కట్టేది. విప్పలేక అవతలివాళ్లు తిట్టుకునేవారు గానీ తిట్లు ఇక్కడిదాకా వినపడవు గనుక ఎవరికీ నష్టం లేకపోయింది. పాత ముంచేవాడు కళ్లు ఆనక మానేశాక, ఈ ఏడే ఆమెను ముంచే పనికి ఎక్కించారు.

మొదటి రోజు ల్యాబ్ మేడమ్ స్వయంగా వచ్చి పాఠం చెప్పింది. మేడమ్ చిన్నవయసు మనిషి, చదువు మాత్రం పెద్దది.

"చూడండమ్మా, ఈ తొట్టిలో ప్లస్ మందు, ఆ తొట్టిలో మైనస్ మందు. చూడ్డానికి రెండూ నీళ్లలాగే ఉంటాయి. చట్రాన్ని ప్లస్‌లో ముంచితే ఒక పొర పడుతుంది. ఇంకాసేపు ఉంచినా, మళ్లీ అందులోనే ముంచినా, రెండో పొర పడదు. ఒకే రకానివి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. దాని మీద అంటాలంటే మైనస్ కావాలి. మైనస్ మీద మళ్లీ ప్లస్. ప్రతి మునకకీ మధ్య బాగా కడగాలి. లేకపోతే వదులుగా ఉన్న మందు పక్క తొట్టిలోకి పోయి గడ్డలు కడుతుంది. అలా ఆరు జతలు. మైనస్‌తో ఆపెయ్యండి."

"అంటే ఒకే రకానివి తోడికోడళ్లలాంటివి. పక్కపక్కన కూర్చోవు," అంది కొసరమ్మ.

"ఆ... అలాగే అనుకోండి."

చెప్పినవారికీ విన్నవారికీ ఒకేసారి తృప్తి కలిగిందంటే, ఆ చుట్టుపక్కల జ్ఞానానికి ఏదో ప్రమాదం జరిగిందని అర్థం. 'మైనస్‌తో ఆపెయ్యండి' అన్న ఆ ఆఖరి ముక్కను కొసరమ్మ, 'వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వేయండి' అన్నంత మామూలుగా విని వదిలేసింది.

పొద్దుటిపూట ముంచేవి మంచినీటి చట్రాలు. సముద్రపు ఒడ్డుకు పోయేవి. మధ్యాహ్నం ముంచేవి రంగుల అద్దకం ఫ్యాక్టరీకి పోయేవి, వాళ్ల మురుగునీళ్లు వడగట్టడానికి. ముంచేది రెండుపూటలా కొసరమ్మే. కడిగేది మాత్రం పొద్దున ఆడపడుచు, మధ్యాహ్నం డ్రమ్ము తాత.

అద్దకం చట్రాలకు కొసరమ్మ కొలత ప్రకారం ఆరు జతలు వేసి కొక్కేనికి తగిలించేసేది. రంగు మురుగుకు మర్యాదలేమిటి? మంచినీటి వాటి సంగతి వేరు. ఎవరి నోట్లోకో పోయే నీళ్లు. పసిపిల్లలుంటారు, ముసలివాళ్లుంటారు. అలాంటి వాటికి కొలత మాత్రం ఇచ్చి చేతులు దులుపుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆఖరి మైనస్ అయ్యాక అందులోనే ఇంకొక మునక వేద్దామనుకుంది గానీ, అదే తొట్టిలో మళ్లీ ముంచితే అంటదని మేడమే చెప్పింది కదా. అంటని కొసరు కొసరెలా అవుతుంది? అది గరాటు ఒంచినట్టు ఒంచి నూనె పోయకపోవడం. కాబట్టి నికార్సుగా అంటే చోట, ప్లస్ తొట్టిలో, ప్రతి మంచినీటి చట్రానికీ ఒక మునక కొసరు వేసి తగిలించేది. పాఠంలో సగాన్ని ఇంత శ్రద్ధగా ఆచరించిన విద్యార్థి మరొకరు ఉండరు.

ఆడపడుచు ఆ కొసరు మునకను కూడా మాట్లాడకుండా కడిగి ఇచ్చేది. పొద్దుటిపూట ఆ గదిలో వాళ్లిద్దరే.

పెట్టె తిరిగొచ్చిన రోజు నుంచీ ఇంట్లో మాటలు తగ్గి, చూపులు పెరిగాయి. ఆడపడుచు కంచాలు కడుగుతుంటే కొసరమ్మ వెనక నిలబడేది.

"ఆ కంచం అంచున ఏదో మిగిలింది చూడు."

"అది కంచం మీది పువ్వు బొమ్మ వదినా."

"అన్ని కంచాల మీదా ఉందా పువ్వు?"

"కొన్నప్పట్నుంచీ ఉంది."

కొసరమ్మకు కోపం కన్నా దిగ్భ్రాంతి ఎక్కువగా ఉంది. ఇంత జాగ్రత్తగల మనిషి చేతిలో కడుగు ఎలా తప్పింది? అవతల డ్రమ్ము తాత కడగడమంటే చట్రానికి నీళ్లను పరిచయం చేయడమే. ఆయన పరిచయం చేసి వదిలేసినవి శుభ్రంగా పనిచేస్తున్నాయి. కసాకసా కడిగినవి కుళ్లిపోయాయి. లోకంలో న్యాయం ఇలా తలకిందులుగా నిలబడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. దర్జీ ఇద్దరి మధ్యా కూర్చుని, నోట్లో మామూలు కన్నా రెండు సూదులు ఎక్కువ పెట్టుకున్నాడు.

తేల్చే రోజు వచ్చింది. పూత గదిలోనే పంచాయతీ. యజమాని ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. ల్యాబ్ మేడమ్ తొట్ల మధ్య నిలబడి, తప్పెక్కడుందో విడమరిచింది.

"పొద్దుటి చట్రాలు పాడయ్యాయి. మధ్యాహ్నంవి బావున్నాయి. మందులు అవే, తొట్లు అవే, ముంచే చెయ్యీ అదే. మారిందల్లా కడిగే చెయ్యి."

ఈ వాదనలో ఎక్కడా దోషం లేదు, అది తప్పు కావడం మినహా.

ఆడపడుచు గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకుని నేల చూసింది. "నేను బాగానే కడిగానండీ," అంది. మళ్లీ ఏమీ అనలేదు. ఏళ్ల తరబడి మూలన కూర్చున్నవాళ్లకు తమ తరఫున ఒక వాక్యం కన్నా ఎక్కువ మాట్లాడే అలవాటు పోతుంది.

ఆ ఒక్క వాక్యం కొసరమ్మ గుండెలో ఎక్కడో గుచ్చుకుంది. తెచ్చి చేర్పించింది తను. రేపు ఆ మూలకు తిరిగి పంపేదీ తనే. ఏదో ఒకటి మాట్లాడాలి. లేచి నిలబడింది.

"అయ్యా, నేనొక మాట చెబుతాను. తప్పు జరిగితే జరిగి ఉండొచ్చు, కావాలని చేసే మనిషి మాత్రం కాదిది. తక్కువ చేద్దామనే బుద్ధి మా ఇంట్లో ఎవరికీ లేదు. అసలు ఆ పొద్దుటి చట్రాలకు నేను కొలత మీద ఒక మునక ఎక్కువే వేశాను. ప్రతిదానికీ వేశాను. అంత కొసరు వేసినా నిలవలేదంటే, ఆ ఊరి నీళ్లలోనే ఏదో దోషం ఉండుంటుంది."

"ఆగండి," అంది మేడమ్. "ఏం వేశారు?"

"కొసరు."

"ఎందులో?"

"ప్లస్‌లో. మైనస్‌లో మళ్లీ వేస్తే అంటదని మీరే చెప్పారుగా."

మేడమ్ ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఆఖర్నా?"

"కొసరు ఆఖర్నే కదమ్మా వేస్తారు. ముందు వేస్తే అది అడ్వాన్సు."

మేడమ్ చుట్టూ చూసి, కుర్చీ లేకపోవడంతో ఒక బోర్లించిన తొట్టి మీద కూర్చుండిపోయింది. "మధ్యాహ్నం వాటికి?"

"వాటికెందుకు, రంగు మురుగుకి?"

చదువుకున్న మనిషి నిర్ఘాంతపోతే ఎలా ఉంటుందో ఆ గదివాళ్లు అప్పుడు చూశారు. పెదవులు కదులుతాయి, మాట రాదు. లెక్క మాత్రం లోపల వేగంగా జరిగిపోతూ ఉంటుంది. ఆమె ఉన్నట్టుండి లేచి వెళ్లి, అద్దకం ఫ్యాక్టరీవాళ్లు నమూనాగా పంపిన నీలం రంగు సీసా పట్టుకొచ్చింది. రెండు గిన్నెల్లో పోసింది. మధ్యాహ్నపు చట్రం నుంచి ఒక ముక్క, ఇంకా పంపకుండా మిగిలిన పొద్దుటి చట్రం నుంచి ఒక ముక్క కత్తిరించి, రెండింటినీ ముంచి తీసి, నీళ్ల కింద పెట్టింది.

మధ్యాహ్నపు ముక్క మీంచి రంగు జారిపోయింది. పొర తెల్లగా, ఏమీ ఎరగనట్టు మిగిలింది.

పొద్దుటి ముక్క నీలంగా ఉంది. కడిగింది. నీలమే. కొళాయి పూర్తిగా తిప్పి కడిగింది. ఇంకా నీలమే. కొసరమ్మ దాన్ని లాక్కుని బొటనవేలితో తోమింది. వేలు నీలమైంది, పొర నీలంగానే ఉంది.

"ఈ రంగుది మైనస్," అంది మేడమ్, ఎవరినీ తిట్టని గొంతుతో. అదే ఎక్కువ భయం వేసింది. "ప్లస్ కనపడితే పట్టుకుంటుంది. నీళ్లలో ఉండే మురికి, బురద, సూక్ష్మక్రిములు, దాదాపు అన్నీ మైనస్సే. అందుకే పైన మైనస్ ఉండాలి, వచ్చిన మురికి వచ్చినట్టు వెనక్కి పోవాలి. మీరు పైన ప్లస్ వేసి పంపారు. సముద్రంలో ఉన్న మురికినంతా పేరు పేరునా పిలిచినట్టయింది."

"ఒక్క పొరే కదమ్మా," అంది కొసరమ్మ. "ఇంత పలచంది. కంటికి కూడా కనపడదు."

"మురికికి కనపడేది అదొక్కటే. కిందివన్నీ దానికి తెలీవు."

కాళ్ల కింద నేల కదలడం అంటారే, కొసరమ్మకు నేల కదలలేదు. నేల ఉన్నచోటే ఉంది. ఆమె నిలబడి ఉన్న నలభై యాభై ఏళ్లు కదిలాయి. ప్రేమ పెట్టి పంపినవి కుళ్లాయి. ప్రేమ లేకుండా వదిలేసినవి బాగుపడ్డాయి. బకెట్లు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లను అక్కడ నిలబెట్టింది ఆమె మర్యాదే. నోరు తెరిచింది. నోరు మూయడం మరిచిపోయింది.

యజమాని కుర్చీలోంచి లేచాడు. "రేపట్నుంచి మీ ఆడపడుచు ముంచుతుంది. మీరు మళ్లీ ప్యాకింగుకి." రెండడుగులు వేసి ఆగి, "అక్కడ కూడా తాళ్లు సరిపోయినన్నే కట్టండి" అన్నాడు. తాళ్ల సంగతి ఆయనకు తెలుసని కొసరమ్మకు ఆ క్షణం దాకా తెలీదు.

ఇంటికి నడుస్తుంటే వదినా ఆడపడుచుల మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం ఉంది.

"ఏడోసారి నేను ముంచడం నువ్వు రోజూ చూశావు కదే," అంది కొసరమ్మ. "ఇన్నాళ్లు నిందపడుతూ కూర్చున్నావు. మేడమ్‌తో ఒక్క ముక్క అనలేకపోయావా?"

"అది పద్ధతే అనుకున్నా వదినా."

"ఆరు అని చెబితే ఏడు పద్ధతెలా అవుతుంది?"

"నువ్వు కూరలో ఉప్పు రెండోసారి వేస్తావు కదా. ఎవరం అడగం. ఇదీ అలాంటిదే అనుకున్నా."

కొసరమ్మ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న సైకిలతను హడావిడిగా పక్కకు తిప్పుకుని ఏదో అన్నాడు. ఆమెకు వినపడలేదు.

"రెండోసారి వేస్తానా?"

ఆడపడుచు గొడుగు తెరిచి, ఎండ లేకపోయినా, ఆమె తల మీద పట్టింది.

ఇంటికి వెళ్లేసరికి దర్జీ ఒక కోటుకు చేతులు అతుకుతున్నాడు. కొసరమ్మ చెప్పులు కూడా విడవకుండా ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమండీ. నిజం చెప్పండి. నా కొసరు వల్ల మీకెప్పుడైనా ఏదైనా చెడిందా?"

ఆయన నోట్లోంచి ఒక్కో సూది తీసి దిండుకు గుచ్చాడు. అన్నీ తీసేదాకా మాట్లాడలేదు. ఇంత పెద్ద సన్నాహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పట్నుంచి చెప్పమంటావు?" అన్నాడు.

ఆమె గోడకు ఆనుకుంది.

"ఆ కుండీలో మొక్క తెగులొచ్చి చావలేదు. నీళ్లెక్కువై చచ్చింది. గళ్లచొక్కా పంతులుగారు మన కొట్టుకు రావడం మానేసింది కుట్టు నచ్చక కాదు. నువ్వు గంజి కొసరు పెట్టావు, కాలరు మెడ కోసేసింది. పక్కింటి పిల్లి గోడ ఎక్కలేకపోతోంది చూడు."

"పిల్లికీ నాకూ ఏమిటి సంబంధం?"

"నువ్వు నాకు కొసరు వడ్డించిందంతా దానికే పెడుతున్నాను."

"ఎన్నాళ్లుగా?"

"ఇది రెండో పిల్లి," అన్నాడు ఆయన, సాధ్యమైనంత నిజాయితీగా.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి అన్ని వాక్యాలు వరసగా మాట్లాడడమే ఒక పిడుగు. ఆ వాక్యాల్లో ఉన్నది ఇంకొక పిడుగు. కొసరమ్మ అలాగే గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. నీలంగా ఉన్న బొటనవేలిని చీరకు తుడుచుకుంటూ ఉండిపోయింది. అది పోయే రంగు కాదు.

"ఇన్నేళ్లూ ఒక్కరూ చెప్పలేదేమండీ?"

"ఎలా చెబుతాం? నువ్వు పెడుతూ ఉంటే మా మొహాల వైపు చూస్తూ ఉంటావు."

ఆయన మళ్లీ కోటు ఒళ్లోకి లాక్కున్నాడు. సూదిలోకి దారం ఎక్కించడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

"మా చెల్లెల్ని నాలుగు రోజులకని రమ్మన్నాం," అన్నాడు సూది వైపే చూస్తూ. "మిగతావన్నీ నీ కొసరే. అది మాత్రం చెడలేదు."

లోపల గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

మర్నాడు పొద్దున కొసరమ్మ నేరుగా ప్యాకింగు వైపు నడిచింది. తలుపు దగ్గరే యజమాని, ఆయన ఎదురుగా ఆడపడుచు ఉన్నారు. ఆడపడుచు మాట్లాడుతోంది. ఒక వాక్యం అయిపోయాక ఇంకొకటి మొదలుపెడుతోంది. కొసరమ్మ ఆశ్చర్యానికి అంతులేదు.

"ముంచడం నాకు రాదండీ. చట్రం వంకర లేకుండా దింపాలి, బుడగ పట్టకుండా ఎత్తాలి. అంత నిదానం వదిన చేతికే ఉంది. మళ్లీ పాడయితే ఆ ఊరివాళ్లు ఏం తాగుతారు? ఆవిణ్నే ముంచనివ్వండి."

"ఆవిడ మళ్లీ వేస్తుందమ్మా. చెయ్యి ఊరుకుంటుందా?"

"ఊరుకోదు," అంది ఆడపడుచు. "ఆఖరి మైనస్ కడిగాక చట్రం ఆవిడ చేతికివ్వను. నేనే తగిలిస్తాను. నా మాట మీద ఉంచండి."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వెనక నిలబడిన మేడమ్ తల ఊపింది. ఈసారి మేడమ్ ప్లస్ తొట్టి మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం అతికించింది: ఆరు తర్వాత వద్దు. కొసరమ్మ దాన్ని చదివి తల దించుకుంది.

సముద్రపు ఒడ్డుకు పంపాల్సిన చట్రాలన్నీ కొత్తగా చేయాలి. పని మొదలైంది. ప్లస్, కడుగు, మైనస్, కడుగు. కొసరమ్మ చెయ్యి నిజంగానే నిదానం. నీటి మీద ఆకు వాలినట్టు చట్రం దిగేది. ఆరో జత ఆఖరి కడుగు కాగానే ఆమె చెయ్యి తనంతట తానే ముందుకు చాచుకునేది. ఆడపడుచు భుజం అటు తిప్పి, చట్రాన్ని తీసుకెళ్లి కొక్కేనికి తగిలించేది. చాచిన చెయ్యి గాలిలో కాసేపు నిలబడి, దాని సొంతదారు దగ్గరికి తిరిగొచ్చేది.

"దొంగని కాపలా కాసినట్టు కాస్తున్నావే," అంది కొసరమ్మ.

"దొంగలు తీసుకుంటారు వదినా. నువ్వు పెడతావు. నీకు ఇంకా గట్టి కాపలా కావాలి."

కొసరమ్మకు నవ్వొచ్చింది. నవ్వాక ఆ మాట అన్నది ఎవరో గుర్తొచ్చి మళ్లీ నివ్వెరపోయింది. ఆ మూల మనిషి హాస్యమాడింది.

కొక్కేలు దాదాపు నిండాయి. ఇంకొక చట్రానికి ఆఖరి కడుగు అవుతుండగా కడిగే తొట్టిలో నీళ్లు మబ్బుపట్టాయి. మార్చాలి. ఆడపడుచు చట్రాన్ని ఎత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. డ్రమ్ము తాత ఇంకా రాలేదు. మేడమ్ పై గదిలో ఉంది.

"ఇది తగిలించు వదినా. నేను నీళ్లు తిప్పొస్తా," అని కొసరమ్మ రెండు చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా పంపు గదిలోకి వెళ్లిపోయింది.

చట్రం తేలిగ్గా ఉంది. అంచు నుంచి చుక్కలు రాలుతున్నాయి. ప్లస్ తొట్టి మోచేతి పక్కనే, మంచినీళ్లంత అమాయకంగా ఉంది. ఈ పొర వెనక ఏ ఇంటి బకెట్టో ఉంది. ఆ ఇంటికి తను కొలత మాత్రమే ఇస్తోంది. ఒక్క చుక్క కూడా మీద పోయకుండా, మొహం చూడకుండా, అంతేనమ్మా వెళ్లు అన్నట్టు. ఆమె మోచెయ్యి దానంతట అది కొంచెం వంగింది. చట్రం అంచు తొట్టి మీదికి వచ్చింది. నీటిలో దాని నీడ పడింది.

ఆమె ఆ నీడను చూస్తూ నిలబడింది. తన చెయ్యి తనకే కొత్తగా, ఎవరో అప్పిచ్చి మరిచిపోయినదానిలా కనిపించింది.

తర్వాత చట్రాన్ని వెనక్కి తీసుకుని, కొక్కెం దాకా మోసుకెళ్లి, తగిలించింది. తగిలించి, పక్కింటి సొమ్ము కొంగున ముడేసుకున్నదానిలా అటూ ఇటూ చూసింది. గదిలో ఎవరూ లేరు.

"అయిందా వదినా?" అని పంపు గదిలోంచి కేక వినపడింది.

"అయింది," అంది కొసరమ్మ. ఇంకేదో కలపబోయి, ఆగిపోయింది.